కోటల దారిలో: ప్రవాసి నడచిన బాట

గత సంచికలో శాంతియాగో యాత్రామార్గము వెంబడి బుర్గోస్ నగరము చేరి నిలిచితిమి. యాత్రికులు అచ్చటినుండి పడమరకు సాగిపోవుదురు. మనము వారిని వీడి, ఆ నగరమునకు కొంచెము ఉత్తరముగ నున్న వివార్ అను పల్లెనుండి బయలుదేరి, దక్షిణాభిముఖముగ, వేరొక బాట పట్టవలసియున్నది.

క్రీ.శ. 1081వ సంవత్సరమున కస్తీల్యా ప్రభువగు ఆరవ అల్ఫోన్సో తన కొలువులోని రొద్రిగో దియాస్ అను యోధుని దేశమునుండి వెడలగొట్టెను. ఈ రొద్రిగో వివార్ పల్లెవాడు. ముస్లిము దండొకటి దువేరో నదీతీరమందలి గోర్మాస్ కోటపై ఆకస్మికముగ విరుచుకొనిపడి కొల్లగొనిపోగా, అస్వస్థుడై యింటనున్న రొద్రిగో రాజాజ్ఞకై వేచియుండక, తనవారి నందఱిని కూడగట్టుకొని, అప్పటికి అల్ఫోన్సోకు కప్పము గట్టుచు ఆతని యండలోనున్న తొలెదో రాజ్యములోనికి చొరబడి, ఊళ్లు దోచి, ఏడు వేలమందిని చెఱబట్టి తెచ్చెనని ఆతని చరితమును లాటినులో వ్రాసిన పూర్వ గ్రంథకర్త చెప్పుచున్నాడు. తన యండ జేరినవారిని తన భటులనుండియే కాపాడలేని ప్రభువునకు కప్పమెవరు గట్టుదురు? కావున అల్ఫోన్సో యాగ్రహమునకు, కథకులు చెప్పునట్లు, కొలువులోని చాడీకోరులు మాత్రమే కారణమనుకొనుట సరిగాదు. రాజనీతి దృష్టితో చూచినచో ఆ రాజు చేసినది తప్పని నేననలేను.

వెడలగొట్టబడిన రొద్రిగోయే తరువాత ఎల్ సిద్ అను పేర లోకప్రసిద్ధుడయ్యెను. ఆతడు నడచెనని ఆతని గాథను పాడిన పూర్వకావ్యము చెప్పిన ఊళ్ల ననుసరించి స్పెయినువారు నేడొక కాలిబాటను గుర్తించి నిలిపిరి. వివార్‌నుండి బయలుదేరి బుర్గోస్, సోరియా, గువాదలహారా, సరగోసా, తెరువేల్, కాస్తెయోన్, వలెన్సియా, అలికాంతె అను ఎనిమిది మండలములలో కొమ్మలు చాచుకొని పోవు నీ బాట, నడచువారికి ఇంచుమించు 1,400 కిలోమీటర్లుండును. 2002లో ఆ యెనిమిది మండలముల పాలకసభలును కలిసి దీని పోషణకై యొక సమాఖ్యను నెలకొల్పినవి. దూరపు కాలిబాటలకు ఆ దేశమున వాడు తెలుపు, ఎఱుపు గీతల జంట చెట్లమీదను, రాళ్లమీదను, పాడుగోడల మూలలమీదను దారిచూపుచుండును. బాటసారి చేత నొక చిన్న పుస్తకము పట్టుకొని పోవును. పూర్వకాలపు ప్రయాణికుల అభయపత్రమును తలపించు ఆ పుస్తకముపై దారిలోని ఊళ్లవారు తమ తమ ముద్రలు వేయుదురు. ఇంతటి దారిని ఒక్క ప్రకరణములో చెప్పుట సాధ్యము గాదు గనుక, నేటికి దువేరో నదినుండి మొలీనా కోటవరకు గల భాగమునే చెప్పెదను. కోటల విషయమున ఈ మార్గమంతటిలో ఇంతకంటె సంపన్నమైన భాగము లేదని నా విశ్వాసము.

కోటను చూడవలెనన్నచో కోటకు పోయిన చాలదు, అది కావలి కాచిన దారిని నడచి కోటను చేరవలయును. కారులో పోయినవాడు కొండవెనుకనుండి క్రొత్తగ వేసిన రోడ్డుపై పైకెక్కి, గోడలకు ఛాయాచిత్రములు తీసుకొని దిగివచ్చును. కోట యేల అక్కడనే యున్నది, గవనులు ఈ దిక్కుననే యేల పెట్టిరి, గోడ ఒకచోట నంత దట్టముగను వేరొకచోట పలుచగను ఏల కట్టిరి అను ప్రశ్నలు వాని మనసున పుట్టవు. నడచి వచ్చువానికో, సగము దినము దూరముననుండియే కోట కనబడుచు, వాడు లోయలో దిగినప్పుడు మఱుగై, మిట్ట నెక్కినప్పుడు మరల నెదురై, వాడు నది దాటవలసిన రేవు కోటవారి కన్ను గప్పి దాటరానిదని కాళ్లకే తెలియవచ్చును. అట్లు తెలిసిన మీదట గోడ యెత్తు, బురుజుల నడిమి యెడము, వీనిలో ప్రతిదానికిని అర్థము దానంతట నదే యేర్పడును.

కావ్యమును గూర్చి రెండు మాటలు చెప్పక ముందునకు సాగరాదు. సిద్ గాథ యొకే యొక వ్రాతప్రతిగ మిగిలియున్నది. మొదటి పత్రము పోయినను, ఇంచుమించు 3,700 పంక్తులు దక్కి, అది నేడు మద్రిదులోని జాతీయ గ్రంథాలయమున భద్రముగ నున్నది. ప్రతి చివర పెర్ అబ్బాత్ అను వాని పేరును, మన లెక్కకు 1207 అగు సంవత్సరమును గలవు. కారెంపూడిలో వీరవిద్యావంతులు పల్నాటి వీరుల కథను పాడినట్లే, ఊరూర తిరుగు గాయకులు సిద్ కథను జనము నడుమ నిలిచి పాడియుందురు. పాడినవారికి దారి తెలియును. ఏ రేవున నది దాటవలయునో, ఏ కనుమను రాత్రివేళ దాటుట మేలో, ఏ కోట యెవరి చేత నున్నదో వారు చెప్పిన తీరు, ఆ నేల నెఱిగినవాడు చెప్పిన తీరే. అయినను కథలోని సంగతులన్నియు చరిత్రమని నమ్మరాదు. సిద్ కుమార్తెలను వారి భర్తలు అడవిలో కట్టి కొట్టి విడిచిపోయిరను ఘట్టమునకు చరిత్రలో ఆధారము లేదు. ఆతని నిజమైన కుమార్తెలు క్రిస్తీనా, మరియా అనువారు. ఒకతె నవార్రా రాజవంశీయుని, రెండవయామె బార్సెలోనా ప్రభువును వివాహమాడిరి.

ఈ దారిని చరిత్రదృష్టితో తొలుత నడచినవారిలో రామోన్ మెనెందెస్ పిదాల్ పండితుని, ఆయన సహధర్మచారిణి మరియా గోయ్రిని స్మరింపవలయును. 1900లో వివాహమైన వెంటనే, నూతన దంపతులు విహారమునకై సముద్రతీరములకు పోవుటకు మారుగ, సిద్ నడచిన పల్లెల వెంట బయలుదేరిరి. ఓస్మా పట్టణమున నొక చాకలి స్త్రీ పాడుచుండిన పాటను ఆమె చెవియొగ్గి విని, అది యువరాజు హువాన్ మరణమును గూర్చిన పురాతన గీతమని గుర్తించెను. ఆ యువరాజు మరణించినది 1497లో. నాలుగు శతాబ్దముల నాటి పాట కస్తీల్యా నేలలో చచ్చిపోయినదని పండితులు తలచుచుండగా, ఒక శ్రామిక స్త్రీ నోట అది సజీవముగ దొరకెను. అప్పటికప్పుడే ఆ దంపతులు దానిని వ్రాసికొనిరి. తరువాత వారి జీవితమంతయు అట్టి గీతముల సేకరణమునకే అంకితమైనది. పుస్తకములలో లేని చరిత్ర నడచిన కాళ్లకు దొరకుననుటకు ఇంతకు మించిన సాక్ష్యము నేనెఱుగను.

ఇక నదికి వత్తము. కావ్యములో సిద్ దువేరో నదిని దాటిన రేవు నవపాలోస్. నేడది జనము విడిచిపోయిన మట్టియిండ్ల పల్లె. కూలిన గోడల నడుమ పాత కావలిగోపుర మొకటి నిలిచియున్నది. అచ్చటినుండి తూర్పుగ ఏటియొడ్డున నడచినచో గోర్మాస్ కోట దృష్టిపథమున బడును. చదునైన శిఖరము గల పొడవాటి కొండ, ఆ శిఖరము నీ కొసనుండి ఆ కొసవరకు చుట్టివచ్చిన గోడ, కొండ పాదమున కొలదిపాటి యిండ్లు గల పల్లె, దాని ప్రక్కగ నది. కోట పొడవు ఇంచుమించు 380 మీటర్లు. చుట్టుకొలత కిలోమీటరునకు మించును. పాతికకు పైగా బురుజులు గలవు. పదవ శతాబ్దమున యూరప్ ఖండమున నింతటి కోట మఱియొకటి యుండెనని చెప్పుట కష్టము. దీనిని కట్టించినవాడు కొర్దొబా ఖలీఫాయగు రెండవ అల్ హకమ్. 965, 966 సంవత్సరములలో ఆతని సేనాని గాలిబ్ ఈ పనిని నడిపించెను.

కొండ వాలున నెక్కివచ్చు బాటసారికి దక్షిణపు గోడలో మహాద్వారము కనబడును. గుఱ్ఱపునాడా రూపమున లోనికి వంగిన కమానులు జంటగ, ఒకదాని వెనుక నొకటి, నిలిచియున్నవి. వాని చుట్టును చదరపు చట్టమువలె చెక్కిన అంచు గలదు. కొర్దొబా మసీదులో చూచిన కమానులకును వీనికిని శిల్పబంధుత్వము స్పష్టము. ఎడారివలె నున్న ఈ సరిహద్దు మిట్టపైన, శత్రువు తప్ప చూచువాడు లేని చోట, ఇంత సొగసైన గవని యేల? నాకు తోచిన సమాధానమిది: ఆ సొగసు శత్రువుకొఱకే. కోట ముందుకు వచ్చి నిలిచి చూచు కస్తీల్యా యోధునకు ఇచ్చట నున్నది దోపిడిదండు గాదు, రాజధానిలోని ఖలీఫా హస్తమే యిచ్చటివరకు చాచియున్నదని ఆ ద్వారము చెప్పుచుండెను. లోపల తూర్పు కొసను అధికారి నివాసము, దానికిని తక్కిన కోటకును నడుమ నొక కందకము. పడమటి భాగమున సేన విడియుటకు విశాలమైన బయలు, వాననీరు నిలుపుకొను కొలను. ఇంత పెద్ద కోట నిండ నిత్యము సైన్యముండెనని యనుకొనరాదు. దక్షిణమునుండి వచ్చు దండు ఉత్తరమునకు దాటుటకు ముందు గుఱ్ఱములతోను బండ్లతోను విడియుట కేర్పడిన స్థలమిది. నీటి కొలనును చూచినవారి కీ మాట వివరింప నక్కఱలేదు.

975లో కస్తీల్యా కౌంటు గర్సియా ఫెర్నాందెస్, తక్కిన క్రైస్తవ ప్రభువులను కూడగట్టి ఈ కోటను ముట్టడించెను. గాలిబ్ వచ్చి ఆ సేనను చెదరగొట్టెను. ఇంతవరకు మన పాఠ్యపుస్తకములు చెప్పు చరిత్రమునకు సరిపోవుచున్నది: ఇరువైపుల రెండు మతములు, నడుమ నొక నది. కాని కథ యిచ్చట నాగలేదు. అల్ హకమ్ మరణించిన పిదప రాజ్యాధికారమును చేజిక్కించుకొన్న అల్ మన్సూర్ ఈ గాలిబ్ కూతురినే పెండ్లాడి, మామతోనే వైరము పెట్టుకొనెను. 981లో, ఎనుబదియేండ్ల వయసున, ఆ వృద్ధసేనాని అల్లునిపై యుద్ధమునకు దిగినప్పుడు ఆతని ప్రక్కన కత్తి పట్టి నిలిచినవాడెవడు? ఆఱేండ్ల క్రిందట ఆతని చేతిలో ఓడిన గర్సియా ఫెర్నాందెసే. గోర్మాసునకును అతియెన్సాకును నడుమ తొర్రెవిసెంతె సమీపమున జరిగిన ఆ యుద్ధమున గాలిబ్ మరణించెను. తాను ఎవరిని అడ్డుటకు కోట కట్టించెనో వారి సరసనే నిలిచి, తాను ఎవరికొఱకు కట్టించెనో వారి సేనతో పోరి, ఆ కోటకు దూరముగాని చోటనే ప్రాణములు విడిచెను.

ఈ యొక్క వృత్తాంతము తెలిసిన మీదట సిద్ జీవితము మనకు వింత గొలుపదు. ప్రవాసముననున్న ఆ క్రైస్తవ యోధుడు సరగోసాలోని ముస్లిము రాజుల కొలువున చేరి, వారికొఱకు 1082లో బార్సెలోనా కౌంటును యుద్ధమున పట్టుకొనెను. సరిహద్దు అనునది గోడ గాదు. అది జనము బ్రతుకు దేశము. అచ్చట కప్పములు, పెండ్లిండ్లు, ఒడంబడికలు, జీతములు, పగలు అన్నియు కలగలసి యుండెను. గోర్మాస్ కోట 1060లో కస్తీల్యా వశమైనది. రాజుతో రొద్రిగోకు సంధి కుదిరిన పిమ్మట, 1087లో, అల్ఫోన్సో ఆతనికే దీని పాలన నప్పగించెను. ఏ కోట మూలముగ దేశము విడిచెనో దానికే యధికారియై తిరిగివచ్చెనన్నమాట.

గోర్మాసునుండి దక్షిణముగ నడచువారు దారికిరువైపుల మిట్టలపై గుండ్రని రాతిగోపురములను చూచెదరు. వీనికి నేలమట్టమున వాకిలి లేదు. మనిషి తలకు చాల పైన నొక చిన్న ద్వారముండును. కావలివాడు నిచ్చెనతో పైకెక్కి నిచ్చెనను లోనికి లాగుకొనెడివాడు. పగలు పొగ, రాత్రి మంట: శత్రువు కనబడిన వార్త ఒక గోపురమునుండి వేరొకదానికి ప్రాకి గోర్మాసునకును, గాలిబ్ నివాసస్థానమైన మెదినాసెలికిని చేరెడిది. ఒక గోపురము ప్రక్కన నిలిచి తరువాతి గోపురమును కన్నులతో వెదకుట బాటసారికి గొప్ప వినోదము. ఎక్కువమార్లు అది కనబడును. కనబడునట్లే కట్టిరి గనుక.

బెర్లాంగా పట్టణములోని కోట పదునైదు, పదునాఱు శతాబ్దములది. ఫిరంగుల కాలమునకు తగినట్లు దట్టముగ కట్టిన గుండ్రని బురుజులు దానికి ప్రత్యేకత. దానికంటె ఆ సమీపమందలి సాన్ బవుదేలియో అను చిన్న గుడి నా మనసును పట్టియుంచినది. వెలుపలినుండి చూచిన నది వట్టి రాతిగది. లోపల నడుమ నొక స్తంభము లేచి, పైకప్పు దగ్గఱ తాటిమట్టలవలె ఎనిమిది దూలములుగ విచ్చుకొనును. క్రింద చిన్న చిన్న గుఱ్ఱపునాడా కమానుల వరుస మసీదును తలపించును. గోడల నిండ పూర్వము వేట దృశ్యములు, ఒంటె, ఏనుగు మున్నగు చిత్రములుండెను. 1920 ప్రాంతమున నొక వర్తకుడు వీనిని కొనగా, ఊరివారు అడ్డగించిరి, న్యాయస్థానములు విచారించినవి. తుదకు 1926లో చిత్రములను గోడలనుండి ఊడదీసి అమెరికాకు తరలించిరి. కొన్ని 1957లో మద్రిదులోని ప్రాదో చిత్రశాలకు తిరిగివచ్చినవి గాని, వాని గోడలకు రాలేదు. ఇప్పుడు ఆ గోడలపై కనబడునవి చిత్రముల నీడలు మాత్రమే. అమ్మినవారికి చట్టము తోడ్పడినది. కాని ఎనిమిది శతాబ్దములు ఆ పల్లె కాపాడిన దానిని చట్టమొక పూటలో పోగొట్టెనను బాధ అచ్చట నిలిచినవారిని విడువదు.

అతియెన్సా సముద్రమట్టమునకు 1,100 మీటర్లకు మించిన యెత్తున నున్నది. ఏటవాలు బండపై కోట, దాని క్రింద ఊరు. కావ్యములోని సిద్ ముస్లిముల చేతనున్న ఈ దుర్గమమైన బండను చూచి, దానిజోలికి పోక తప్పించుకొని సాగెను. ఆ వివేకము నేడు దానిక్రింద నిలిచినవారికి వెంటనే బోధపడును. అతియెన్సావారు మాత్రము సిద్ కంటె వేరొక సంగతిని గర్వముతో చెప్పుకొందురు. 1162లో బాలరాజగు ఎనిమిదవ అల్ఫోన్సో ఈ ఊరిలో చిక్కుపడియుండగా, ఆతనిని చేజిక్కించుకొనవలెనని పినతండ్రియగు లియోన్ రాజు ఫెర్నాందో సేనతో వచ్చి చుట్టుముట్టెను. అప్పుడు ఊరిలోని కంచరగాడిద సార్థవాహులు, తెల్లవాఱుజామున ఎప్పటివలె సరకు వేసికొని పోవుచున్నట్లు బయలుదేరి, ఏడేండ్ల రాజును తమ కుఱ్ఱవానివలె వేషము వేసి దాటించి ఆవిలా నగరము చేర్చిరట. ఆ సంఘమువారి సంతతి నేటికిని ప్రతి సంవత్సరము పెంతెకోస్తు ఆదివారమున గుఱ్ఱములెక్కి ఆ యుత్సవమును జరుపుచున్నారు. ఆ బాలుడే పెరిగి 1212లో లాస్ నావాస్ యుద్ధమున విజయము నందినవాడు. రాజుల కథలలో సరకులు మోయువారికి ఇంతటి స్థానము దక్కుట అరుదు గనుక దీనిని విపులముగ చెప్పితిని.

హద్రాకె మీది కోటకు సిద్ కోటయని పేరున్నది గాని, నేడు కనబడునది మెందోసా వంశమువారు పదునైదవ శతాబ్దమున కట్టించినది. పేరును చూచి మోసపోరాదు. సిగువెన్సాలోని బిషపుల కోట 1936నాటి అంతర్యుద్ధమున దెబ్బతిని, తరువాత పునర్నిర్మితమై, ఇప్పుడు ప్రభుత్వ విడిదిగృహముగ నున్నది. కోటలను విడిదిగృహములుగ మార్చుటను కొందఱు నిందింతురు. కప్పు పడిపోయి గొఱ్ఱెలు మేయుటకంటె మనుష్యులు నిద్రించుట మేలని నా మతము.

మొలీనా కోట గాయో నదిపైన ఎఱ్ఱరాతితో కట్టిన విశాలమైన దుర్గము. నాలుగు ఉన్నత గోపురములు చెక్కుచెదరక నిలిచియున్నవి. వానికి పైన, కొండ కొమ్మున, వేఱుగ అరగాన్ గోపురము గలదు. కావ్యములో మొలీనా నేలువాడు అవెంగల్వోన్ అను ముస్లిము. సిద్ కుటుంబమునకు దారిలో తోడు వచ్చి, అన్నము పెట్టి, సిద్ అల్లుండ్రగు క్రైస్తవ ప్రభువులు తనను చంపి ధనము దోచుటకు కుట్రపన్నగా, సిద్ మొగము చూచి వారిని ప్రాణములతో విడిచిపెట్టినవాడు. క్రైస్తవ గాయకుడు క్రైస్తవ శ్రోతలకు చెప్పిన కథలో అందఱికంటె మర్యాద తెలిసిన మిత్రుడు ముస్లిమగుట పాఠకులు గమనింపవలయును.

ఈ బాటలో కొన్ని భాగములు కోటలకంటెను గొప్ప వారసత్వముపై నడచును. అవి గొఱ్ఱెల మందలు వేసవికి ఉత్తరమునకును, శీతకాలమునకు దక్షిణమునకును తరలిన దారులు. పదవ అల్ఫోన్సో 1273లో గుర్తించిన మేస్తా అను మందల సంఘము 1836వరకు వానిని కాపాడినది. వానిలో పెద్దవాని వెడల్పు 90 స్పెయిను వారలు, అనగా ఇంచుమించు 75 మీటర్లు. ఎవరును దున్నరాదు, కట్టరాదు. 1995 నాటి చట్టము వానిని నేటికిని ప్రజల సొత్తుగనే నిలిపియున్నది. కోటలకు 1949లోనే ప్రభుత్వరక్షణ కల్పింపబడినది. కాని చట్టము గోడను నిలుపునే గాని పల్లెను నిలుపలేదు. సోరియా మండలమున చదరపు కిలోమీటరునకు పదిమంది కూడ లేరు; మొలీనా ప్రాంతమున ఇంకను తక్కువ. పల్లె తలుపు మూసికొన్ననాడు కోట కథ చెప్పువారుండరు, బాటపై ముద్ర వేయువారుండరు. బాటసారి కొనెడు రొట్టెయు, బస చేసిన రాత్రియు ఆ పల్లెలకు స్వల్పమైన ఆధారమే. అయినను అది నిజమైన ఆధారము.

ఈ దారిని నడువగోరు మన దేశస్థులు మే, జూను నెలలనో, సెప్టెంబరు, అక్టోబరు నెలలనో ఎన్నుకొనవలయును. వేసవి నడుమ ఈ మిట్టలపై నీడ దొరకదు. శీతకాలమున స్పెయినులోకెల్ల చలి యెక్కువగు తావులలో మొలీనా యొకటి. తిండియు, నీరును ముందు ఊరిలోనే సమకూర్చుకొని బయలుదేరుట అవసరము. వచ్చు సంచికలో అల్బర్రసీన్ మీదుగ, సిద్ 1094లో జయించిన వలెన్సియా నగరమునకు పోదము. ఆతడు 1099లో మరణించిన పిదప ఆతని భార్య హిమెనా ఆ నగరమును 1102వరకు నిలుపుకొనిన వృత్తాంతమును కూడ అప్పుడే చెప్పెదను.